ఏడు గంటల ప్రయాణం

ఎమ్మిగనూరు,
ఆగస్టు 6.

అరుణకుమారికి,

క్షేమమా అని అడగను. నా ఫోను నంబరు నువ్వు బ్లాకు చేసి ఎనిమిది నెలలైంది. నీ మొగుడు బసవరాజు కూడా ఎత్తడం లేదు. ఆదోనికి బస్సెక్కితే గంట ప్రయాణం. కానీ అమ్మను ప్రాణంతో తీసుకురాలేని నీ గడప తొక్కనని ఆమె పదకొండో రోజున అందరి ముందూ అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను కాబట్టి ఈ ఉత్తరం.

నాకు కావలసింది ఒక్కటే. అమ్మ ప్రాణం ఏ గంటకు పోయింది?

సిడ్నీలో చేనేత ప్రదర్శన అని అమ్మను పిలిచారు. అమ్మ మగ్గంలో కూర్చుని నేస్తే పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పడానికి నువ్వు పోయావు. పోయేటప్పుడు ఇద్దరు. తిరిగి బెంగుళూరులో దిగేటప్పుడు ప్రాణంతో ఉన్నది నువ్వొక్కదానివే. విమానాశ్రయం డాక్టరు నాలుగు యాభైకి చూసి ప్రాణం లేదని రాశాడు. దిగే ముందు నిద్రలో పోయిందని నువ్వు చెప్పావు. అదే నమ్మి మన మధుసూదన్ పంతులుగారు తిథి మార్గశిర శుద్ధ పంచమి అని తేల్చారు. అప్పటి నుంచి ప్రతి శుద్ధ పంచమికీ తప్పకుండా మాసికం పెడుతున్నాను.

పోయిన వారం ఆయన ఏదో పనిమీద పాత పంచాంగం తీసి చూశారు. ఆ రోజు పొద్దున పదకొండు నలభై దాకా చవితే ఉందట. దిగేటప్పుడే పోయిందన్నది ఖాయమేనా అని అడిగారు. ఆయన మామూలుగానే అడిగారు. నాకు మాత్రం ఆ విమానాశ్రయం గది గుర్తొచ్చింది. నన్ను లోపలికి పిలిచినప్పుడు నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు విప్పుదామంటే రాలేదు. అది గంట కింద పోయిన మనిషి చెయ్యి కాదు.

తిథి తప్పితే పెట్టింది అమ్మకు అందదు. ఎనిమిది నెలలుగా నేను ఎవరికి పెడుతున్నానో నాకే తెలియడం లేదు. ఏడాది తద్దినం ముందుంది. గంట చెప్పు. ఇంకేమీ రాయనక్కరలేదు.

శంకరప్ప


ఆదోని,
ఆగస్టు 19.

గౌరవనీయులైన అన్నగారికి,

శ్రావణం కదా, బస్సులన్నీ ఉరుకుంద ఈరన్న స్వామి జాతరకే పోతున్నాయి. నీ ఉత్తరం పక్క ఊరి నుంచి ఇక్కడికి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. నువ్వు నడిచి వచ్చినా ముందే చేరేవాడివి. కానీ గడప అడ్డం వచ్చింది పాపం.

డాక్టరు నాలుగు యాభై అని రాశాడు. ఆ కాగితం నీ బీరువాలోనే ఉంది. చనిపోయిన గంట డాక్టరుకు తెలుస్తుందా, ఇంటర్ తప్పి మగ్గం పట్టిన నీకు తెలుస్తుందా? పంచమి అన్నారు, పంచమి చెయ్యి.

అమ్మకు అందడం లేదని ఇప్పుడు బెంగపడుతున్నావు. బతికి ఉన్నప్పుడు ఆమెకు ఏం అందిందో నన్ను అడగకు. అమ్మ నేసిన చీర పట్టుకుని నువ్వు ఫోటో దిగేవాడివి. ఆమె మగ్గం గుంతలో కూర్చునే ఉండేది, ఫోటోలో ఆమె నడినెత్తి మాత్రం పడేది. సిడ్నీ వాళ్ళు పెట్టిన బోర్డు మీద ఏముందో తెలుసా? "ఎమ్మిగనూరు శంకరప్ప మగ్గం" అని ఉంది. అమ్మ పేరు చిన్న అక్షరాల్లో కూడా లేదు. వచ్చిన వాళ్ళంతా నన్ను, ఈమె పేరు శంకరప్పా అని అడిగారు.

నన్ను ఇక అడగవద్దు.

అరుణకుమారి


ఎమ్మిగనూరు,
సెప్టెంబరు 3.

అరుణా,

నువ్వు ఎప్పుడు వెటకారం చేస్తావో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. తప్పు చేసినప్పుడే చేస్తావు. నీ ఉత్తరంలో పైనుంచి కిందిదాకా వెటకారమే ఉంది, గంట మాత్రం లేదు.

అందుకని నేనే లెక్క కట్టాను. రెండు విమానాశ్రయాల పేర్లూ ఫోనులో కొట్టి చూశాను. సిడ్నీ నుంచి బెంగుళూరుకు తొమ్మిది వేల మూడు వందల యాభై కిలోమీటర్లు. మీరు వచ్చిన విమానానికి పన్నెండున్నర గంటలు. వాళ్ళ గడియారం మన గడియారం కంటే ఐదున్నర గంటలు ముందు నడుస్తుందట. వాళ్ళకు తొమ్మిదిన్నర అయినప్పుడు మనకు తెల్లవారుజాము నాలుగు. ఈ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. టికెట్టు మీద తొమ్మిదిన్నరకు ఎక్కి నాలుగున్నరకు దిగుతారని ఉంటే ఏడు గంటలే అనుకున్నాను.

మన గడియారం ప్రకారం నాలుగుకు ఎక్కారు. చవితి పోయేసరికి మీరు ఆకాశంలో ఏడు గంటల నలభై నిమిషాలు ఉన్నారు. ఆ తర్వాత మిగిలింది నాలుగు గంటల యాభై నిమిషాలు. అమ్మ ఈ ముక్కలో పోయిందా, ఆ ముక్కలో పోయిందా? ఇంతకంటే తేలిగ్గా నిన్నెవరూ అడగలేరు.

ఇంకొక మాట. దిగే ముందు పోయి ఉంటే నువ్వు కేకలు పెట్టి ఉండేదానివి. మన నాన్న పోయినప్పుడు వీధి వీధంతా లేచేటట్టు అరిచావు. ఆ రోజు నువ్వు అరవలేదని, విమానం ఖాళీ అయ్యేదాకా కదలకుండా కూర్చున్నావని అక్కడి వాళ్ళు నాకు చెప్పారు. నువ్వు ఎంతసేపు శవం పక్కన కూర్చున్నావో, ఎందుకు ఎవరినీ పిలవలేదో చెప్పకపోతే, ఈ సంగతి చుట్టాలందరికీ నేనే చెబుతాను. పిలిచి ఉంటే ఎవరైనా డాక్టరు లేచి వచ్చేవాడేమో. బతికేదేమో. నువ్వే చంపావని నేను అనను. వాళ్ళే అంటారు.

శంకరప్ప


ఆదోని,
సెప్టెంబరు 20.

అన్నా,

ఈసారి వెటకారం చేయను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నన్ను హంతకురాలని చుట్టాలతో అనిపిస్తానన్న చోట కాదు. "ఏడు గంటలే అనుకున్నాను" అన్న చోట. ఆ మాట నీ చేత్తో నువ్వే రాస్తావని నేను అనుకోలేదు.

అమ్మ చేతిసంచి నా దగ్గరే ఉంది. అందులో కర్నూలు డాక్టరు రాసిన చీటీ ఉంది. అమ్మ పోయిన మూడో రోజున చూశాను. అంతకు ముందు అలాంటి చీటీ ఒకటి ఉందని కూడా నాకు తెలియదు. అమ్మ కాలి నరంలో రక్తం గడ్డకట్టి వైద్యం చేసింది ఆ డాక్టరే కదా, విమానం ఎక్కవచ్చా అని నువ్వే తీసుకుపోయి చూపించావు. ఆయన రాసింది ఇది: "కొడుకు చూపిన టికెట్టు ప్రకారం ప్రయాణం ఏడు గంటలు. ఎనిమిది గంటల లోపు అయితే వెళ్ళవచ్చు. గంటకోసారి లేచి నడవాలి. అంతకు మించిన ప్రయాణం చేయరాదు."

అమ్మ సిడ్నీకి పోయేటప్పుడు పదకొండున్నర గంటలు కూర్చుంది. వచ్చేటప్పుడు పన్నెండున్నర.

ఇంతకాలం ఈ చీటీ ఎందుకు దాచానో కూడా చెబుతాను. ఇది నీ మొహాన కొడితే నువ్వు గంట అడుగుతావు. గంట చెప్పడం నాకు ఇష్టం లేదు. అందుకే నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఎటూ అడిగావు కదా. డాక్టరుకు నువ్వు ఏ టికెట్టు చూపించావో ఎందుకు చూపించావో నువ్వు రాయి. అమ్మ ఏ గంటకు పోయిందో నేను రాస్తాను. ముందు నువ్వు.

అరుణకుమారి


ఎమ్మిగనూరు,
అక్టోబరు 8.

అరుణకుమారికి,

తల్లి తిథి మీద బేరమాడే కూతురిని నేను ఇప్పుడే చూస్తున్నాను. కైరుప్పలలో ఉగాది మరునాడు పిడకలతో కొట్టుకున్న వాళ్ళు కూడా ఆట కాగానే దెబ్బలకు విభూతి పూసుకుని కలిసి ఇళ్ళకు పోతారు. నీకు ఆ పాటి బుద్ధి కూడా లేదు.

చేతికి ఏది వస్తే అది చూపించాను. డాక్టరు ఎన్ని గంటలని అడిగాడు. తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర దాకా వేళ్ళ మీద లెక్కపెట్టి ఏడు అని చెప్పాను. ఆయన కూడా టికెట్టు చూసి తల ఊపాడు. దేశానికో గడియారం ఉంటుందని నాకెవరు చెప్పారు? నేను చేసిన దూరప్రయాణమల్లా తిరుపతి రైలు. అది ఎక్కిన చోటా దిగిన చోటా ఒకటే టైము. మగ్గం మీద బతికేవాడు ఎవడైనా నాలాగే లెక్కపెట్టేవాడు. ఇది తప్పయితే తెలియక చేసిన తప్పు.

నీకు అన్నీ తెలుసు కదా, డిగ్రీ చదివావు. పన్నెండు గంటలని తెలిసి గంటకోసారి ఎందుకు లేపి నడిపించలేదు?

నేను చెప్పాల్సింది చెప్పాను. ఇప్పుడు గంట రాయి. కార్తీకం వస్తోంది, మార్గశిరం ఎంతో దూరం లేదు.

శంకరప్ప


ఆదోని,
నవంబరు 2.

అన్నా,

నువ్వు చెప్పింది అబద్ధం. అబద్ధమని నీకూ తెలుసు, అయినా నేను గంట చెబుతాను. నీకోసం కాదు.

ముందు అబద్ధం సంగతి. బెంగుళూరుకు పోయే రోజున నువ్వు ఆదోనిలో నన్ను జీపు ఎక్కించుకున్నావు. గుంతకల్లు దగ్గర టీ తాగడానికి ఆపాం. అక్కడ నువ్వు అమ్మతో, "పదేడు గంటలు కూసోవల్ల మా, కాళ్ళు చాపుకోని కూసో" అన్నావు. పోయే టికెట్టు మీద సాయంత్రం ఆరున్నరకు ఎక్కి మరుసటి రోజు పదకొండున్నరకు దిగుతారని ఉంది. నీ లెక్కలోనే అది పదిహేడు. వచ్చే టికెట్టు ఏడు. అవే రెండు ఊళ్ళు. ఒకే గుడ్డ ఈ కొస నుంచి కొలిస్తే పదిహేడు మూరలు, ఆ కొస నుంచి కొలిస్తే ఏడు మూరలు వస్తే నువ్వు ఊరుకుంటావా? మూర తప్పింది మళ్ళీ కొలవమంటావు. గడియారాల సంగతి తెలియకపోయినా నీకు అనుమానం రావాలి. వచ్చింది. అందుకే ఒక టికెట్టు చూపించి రెండోది జేబులో ఉంచుకున్నావు.

ఇప్పుడు విమానం.

మొదటి నాలుగు గంటలు బాగానే ఉంది. రెండుసార్లు లేపి నడిపించాను. మూడోసారి లేవనంది, పక్క సీటు ఆమెను కదిలించాలంటే సిగ్గుపడింది. కూర్చునే మగ్గం తొక్కినట్టు కాళ్ళు ఆడిస్తూ వచ్చింది. ముందున్న తెర మీద విమానం బొమ్మ కదులుతూ ఉంటుంది, కింద ఇంకా ఎన్ని కిలోమీటర్లో, ఎన్ని గంటలో పడుతూ ఉంటుంది. అమ్మ అది చదవలేదు కదా, "ఇంగెంత దూరముంది పాపా" అని పదిసార్లు అడిగింది. నేను చదివి చెప్పాను. విసుక్కున్నాను కూడా ఒకసారి.

ఎక్కి ఆరు గంటలయ్యేసరికి రొమ్ములో పట్టేసినట్టు ఉందంది. ఊపిరి చాలలేదు. నేను పిలిచే బొత్తాం మీద వేలు పెట్టాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. అప్పుడు అన్న మాట ఇది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"పిలవాకు. వాళ్ళు చీటీ అడుగుతారు. మీయన్నకు మాటొస్తాది."

ఏ చీటీ అని అడిగాను. కాసిని నీళ్ళు తాగింది. నా భుజం మీద వాలింది. తగ్గిందేమో, నిద్రపట్టిందేమో అనుకున్నాను. నాకు భయమేసింది, అందుకే అలా అనుకోవడం ఇష్టమైంది. పది నిమిషాల తర్వాత ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. రొమ్ము మీద చెవి పెట్టి విన్నాను. మన గడియారం పది ఇరవై. తెర మీద ఇంకా నాలుగు వేల ఆరు వందల కిలోమీటర్లు, ఆరు గంటల పది నిమిషాలు అని ఉంది. కింద అంతా సముద్రం.

అప్పుడు కూడా పిలవలేదు. పిలిస్తే విమానాన్ని దగ్గరలో ఉన్న ఏదో దేశంలో దించుతారు. అమ్మను పేరు తెలియని ఊళ్ళో దించి, భాష తెలియని వాళ్ళకు అప్పజెప్పి, నేను ఎన్ని రోజులు ఎవరి కాళ్ళు పట్టుకోవాలో అనుకున్నాను. దుప్పటి కప్పాను. భోజనం తెచ్చిన అమ్మాయికి నిద్రపోతోందని చెప్పాను. ఆరు గంటల పది నిమిషాలు అమ్మ తల నా భుజం మీదే ఉంది. ఏడవలేదు. ఏడిస్తే తెలిసిపోతుంది. తెర మీద కిలోమీటర్లు తగ్గడం చూస్తూ కూర్చున్నాను.

నేను పిలిచి ఉంటే బతికేదేమోనని నువ్వు రాశావు. నువ్వు రాయకముందు నుంచీ నేను రోజూ అదే అనుకుంటున్నాను. చుట్టాలకు చెప్పుకో. నేను కాదనను.

కానీ ఆ చీటీ ఏమిటో మూడో రోజున తెలిసింది. అమ్మ తన ప్రాణం కోసం భయపడలేదు. డాక్టరు దగ్గర నువ్వు ఆడిన అబద్ధం బయటపడుతుందని భయపడింది. నీకు మాట రాకుండా చూసుకుని పోయింది. ఇది నీకు చెప్పకూడదని ఇంతకాలం ఓర్చుకున్నాను. నీ మీద జాలితో కాదు. అమ్మ చివరి మాట నీ గురించి అని నీకు తెలిస్తే నువ్వు పొంగిపోతావేమోనని.

పది ఇరవై. చవితి.

అరుణకుమారి


ఎమ్మిగనూరు,
నవంబరు 16.

అరుణా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. మధుసూదన్ పంతులుగారికి గంట చెప్పాను. చవితే అన్నారు. ఇన్ని మాసికాలు తప్పిన తిథిన పెట్టాను కదా, వాటి సంగతేమిటని అడిగాను. చెల్లవని అనలేదు. చెల్లుతాయని కూడా అనలేదు. ఇకనుంచి సరిగ్గా చెయ్యి శంకరప్పా అన్నారు.

నిన్ను నేను క్షమించలేదు. అమ్మ వద్దంటుంది. జ్వరమొచ్చినా మందు వద్దనేది. వద్దన్నా నొక్కాల్సింది. నీకు చెయ్యి ఉంది, బొత్తాం ఉంది, పది నిమిషాలు ఉన్నాయి. ఇది నేను చచ్చేదాకా అంటాను.

టికెట్టు సంగతి రాస్తున్నాను. నీతో బేరం తీరిపోయింది కాబట్టి రాయనవసరం లేదు, అయినా రాస్తున్నాను.

రెండు టికెట్లూ జేబులో ఉన్నాయి. డాక్టరు అడిగినప్పుడు మొదట చేతికి వచ్చింది పదిహేడు గంటలది. దాన్ని మళ్ళీ లోపల పెట్టి రెండోది తీశాను. పోయేటప్పుడు కూడా ఇంతేనా అని ఆయన అడిగాడు. ఇంతే సార్ అన్నాను. ఆయన వద్దంటే సిడ్నీ వాళ్ళు మన ఊళ్ళో నాకు పోటీగా మగ్గం నడిపే దేవేంద్రప్ప తల్లిని పిలుస్తారు. ఆమెకు కూడా అమ్మకు వచ్చిన నేత వచ్చు. ఆ బోర్డు మీద దేవేంద్రప్ప పేరు పడుతుంది. రెండేళ్ళుగా వాడు నా మొహం చూసి నవ్వుతున్నాడు. అప్పుడు నాకు అది తప్ప ఇంకేమీ కనబడలేదు.

అమ్మ పక్కనే కూర్చుని ఉంది. ఆమెకు చదువు రాదు గానీ ముందురోజే ఎన్ని గంటలని అడిగి నా నోట పదిహేడు అనిపించుకుంది. బయటికి వచ్చాక ఆసుపత్రి మెట్ల మీద ఆగి, "పదేడు అంటివి గదప్పా" అంది.

"నోరు మూసుకోని నడువు" అన్నాను.

మెట్లు దిగే జనం మధ్య అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. జీపులో అడగలేదు, బెంగుళూరులో లోపలికి పోయేటప్పుడు అడగలేదు. నువ్వు రాసింది చదివాక తెలిసింది, విమానంలో కూడా నా మాట వింది. నేను మూసుకోమన్న నోరు మూసుకునే పోయింది. నేను పొంగిపోతానని రాశావు. వారం రోజులుగా మగ్గం దగ్గరికి పోలేదు.

చుట్టాలకు నీ సంగతి చెప్పను. చెబితే నాది కూడా చెప్పాలి, నాకు ఆ ధైర్యం లేదు.

చవితి వచ్చే సోమవారం. పొద్దున ఎనిమిదికి తద్దినం మొదలుపెడతాం. నువ్వు రావాలి. మీ వదిన చేత విస్తరి వేయిస్తాను. నాతో మాట్లాడవద్దు, నేను కూడా మాట్లాడను.

శంకరప్ప